గంజి పెట్టిన బూట్లు

ఐతారం నాడు మా ఇంట్ల అన్నిటికన్న ఆఖరుకు ఉతికేటియి నా బూట్లు. ముందుగాల మా ఆయన అంగీలు, తర్వాత అత్తమ్మ చీరెలు, దుప్పట్లు, దర్వాజ పరదలు. గవన్ని అయినంక బకీట్ల మిగిలిన సబ్బు నురుగుల బూట్లు నానేసి, పాత పండ్ల బ్రష్షు తోటి రుద్దుత. దాని మీద నీలిమందు. నీలిమందు మీద గంజి. నవ్వకుండ్రి, మాది సిరిసిల్లల నేతోళ్ల ఇల్లు. గంజి పెట్టని బట్ట మా దండెం మీదికి ఎక్కది. బూటు పై భాగం బట్టనే గద, దానికెందుకు తక్కువ చేయాలె అని నా లెక్క. గంజి పెట్టి పొద్దంత మిద్దె మీద ఎండల పెడితే, సోమారం పొద్దుగాల మబ్బుల నా బూట్లు దుకాణం అద్దాలల్ల పెట్టిన వాటి లెక్క తెల్లగ, నిటారుగ నిలవడుతుండె. వాడకట్టు ఆడోళ్లు సూసి, మమతారాణి బూట్లు సూడుండ్రి ఎంత పైలంగ పెట్టుకుంటదో అంటుండిరి. నాకు మస్తు గర్వం ఉండె. గా గర్వమే నా మోకాళ్లను తింటున్నదని తెలువనీకి రెండేండ్లు పట్టింది.

మమతారాణి అంటే నేనే. నలభై ఆరేండ్లు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డుల మిషన్ మీద పని చేస్త. మా ఆయన మల్లేష్ మరమగ్గాలు మరమ్మతు చేస్తడు. మా అత్తమ్మ ఐలవ్వకు డెబ్బై దాటినయి, నేను చేసే పనిని సూసుడు ఆమె పని. కొడుకు భానుప్రసాద్ హైదరాబాద్ల నౌకరి చేస్తుండు. గీ బూట్లు వానియే. కానిస్టేబుల్ కొలువు కోసం ఉరుకుడు ప్రాక్టీస్ చేస్త అని కొనుక్కున్నడు. పన్నెండు దినాలు ఉరికిండు, పదమూడో దినం వాన వచ్చింది, పద్నాలుగో దినం గా కొలువుల ఏమున్నదే అవ్వా అన్నడు. బూట్లు డబ్బల పడి ఉన్నయి. మా ఇంట్ల ఎవ్వలకు అక్కరలేనియి నాకు వస్తయి, అది రివాజు. అడుగున మాడిన అన్నం, అంచు పలిగిన గ్లాసు, అత్తమ్మకు రంగు నచ్చని చీరె. గట్లనే బూట్లు సుత వచ్చినయి. వానిది తొమ్మిది నంబరు. నా కాలు పోయినంక అండ్ల ఇంకో కాలు పట్టేటంత జాగ ఉండె. ముంగట మగ్గాల కాడి నూలు వేస్టు కుక్కి, రెండు జతల సాక్సులు తొడిగి సరిచేసిన.

ఉరుకుడు సుత నేను ఏరి తెచ్చుకున్నది కాదు. షుగర్ అంచుల ఉన్నది, పొద్దుగాల నడువుమని డాక్టరమ్మ చెప్పింది. మానేరు వాగు కట్ట మీద నడుస్తుంటే ఒకనాడు కుక్క ఎంట పడ్డది. ఉరికిన. కొంత దూరం పోయినంక కుక్క అలిసిపోయి ఆగింది. నేను ఆగలే. ఎందుకు ఆగలేదో ఇప్పటికి సుత సరిగ చెప్పరాదు. పెండ్లయినంక నా ఒళ్లు నా కోసం ఒక పని చేసుడు గదే మొదటిసారి అనిపించింది. గా దినం సంది రోజు నాలుగు కిలోమీటర్లు. ఐదుకు పోవుడు, పావుతక్కువ ఆరుకు ఇంట్ల పడుడు. గా ముప్పావు గంటల నన్ను ఎవ్వలు పిలువరు. మమతా నీళ్లు, మమతా టవాల, మమతా నా మందు గోళీలు ఏడ పెట్టినవ్. పేరు ఎవ్వలు పిలువని ముప్పావు గంట ఎంత పెద్దదో పొద్దంత పిలిపించుకునేటోళ్లకే తెలుస్తది. కట్ట మీద ఏమన్న గొప్ప గొప్ప ఆలోచనలు చేస్తనా అంటే, లేదు. పప్పు నానేసిన్నా లేదా అన్నదే ఆలోచిస్త. కని గా పప్పు సుత ఉరుక్కుంట ఆలోచిస్తే తేలికగ ఉంటది.

గీ ఎండకాలం షురువుల మోకాళ్లు నొయ్యవట్టినయి. ముందుగాల కుడిది, తర్వాత దానికి తోడు ఎడమది. మెట్లు దిగుతుంటే లోపల ఎవలో మరమరాలు నమిలినట్టు సప్పుడు. ఇగ ఇంట్ల కచేరి పెట్టిండ్రు. మా ఆయన, వయసు అన్నడు. ఆయనకు యాభై రెండు. ఆయన మోకాళ్లకు రాని వయసు నా మోకాళ్లకు వచ్చింది. అత్తమ్మ, ఆడిది గట్ల ఎగురుకుంట ఉరికితే కడుపుల ఉన్నయన్ని జాగ తప్పుతయి అన్నది. షెడ్డుల సూపర్వైజర్, మేడం ఒలింపిక్స్ నుంచి కుంటుకుంట వచ్చింది అని అందరు వినేటట్టు అన్నడు. పది గంటలు మిషన్ తొక్కితే రాని నొప్పి ముప్పావు గంట ఉరికితే వస్తదా సార్ అని అడుగుదామనుకున్న. దారం ఎక్కించుకున్న. వాడకట్టు ఆరెంపీ డాక్టరు మోకాలు ముట్టకుండనే ఉరుకుడు బంద్ పెట్టుమన్నడు. మా ఆయనకు గా మాట కోర్టు తీర్పు లెక్క దొరికింది. నెలాఖరు దాంక సూద్దాం, తగ్గకపోతే బంద్, మల్ల నన్ను ఏమనద్దు అన్నడు. నొప్పి కన్న గా నెలాఖరు అన్న మాటనే ఎక్కువ నొచ్చింది నాకు. మోకాలు నాది, కట్ట ఊరిది, పొద్దు దేవునిది, గడువు పెట్టింది మాత్రం ఈయన.

కట్ట మీద నౌషీన్ నాకు దోస్తు. ప్రైవేటు బడిల ఆటల టీచర్, ముప్పై ఏండ్ల పిల్ల, బురఖా కింద ట్రాక్ ప్యాంటు ఏసుకోని నా కన్న రెండింతలు ఉరుకుతది. నేను కుంటుడు సూసి, అక్కా ఒకసారి బూట్లు ఇప్పు అన్నది. మోకాలు నొస్తుంటే బూటు ఎందుకు అన్న. ఇప్పమన్న గద అన్నది. ఇప్పిన. చేతిల పట్టుకోని అటు ఇటు తిప్పింది. అడుగున బొటనేలు తోటి ఒత్తి, మెత్తగ దిగాలె గద అక్కా, కట్టె లెక్క ఉన్నది అన్నది. తర్వాత రెండిటిని సిమెంటు దిమ్మె మీద పక్క పక్కన పెట్టి, ఎనుక నుంచి సూడుమన్నది. రెండేండ్ల సంది నేను వాటిని పై నుంచే సూసుకున్న, ఎనుక నుంచి ఎన్నడు సూడలే. రెండు బూట్లు కల్లు తాగి ఇంటికొచ్చే ఇద్దరు మనుషుల లెక్క చెరో దిక్కు ఒరిగి ఉన్నయి. మడమల కాడ బయటి అంచు చెక్కి పారేసినట్టు అరిగింది. అడుగున గీతలు లేనే లేవు, బోడగుండు.

మరి పైన గింత తెల్లగ ఎట్ల ఉన్నయి అని అడిగింది. చెప్పిన. గంజి మాట వినంగనే నౌషీన్ కట్ట మీద కూలవడి, కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది.

"అరె అక్కా, గంజి పెడితే పై బట్ట ఒక్కటే గట్టిపడ్డదనుకున్నవా? అడుగున ఉండే మెత్తనే గద నీ మోకాలుకు పరుపు. దాన్ని గంజిల ముంచి, ఎండల వండినవ్."

మల్ల జర సోయికొచ్చి లెక్క అడిగింది. ఐదారు వందల కిలోమీటర్లకు, మహా అంటే ఏడెనిమిది వందలకు బూట్లు మార్చాలెనట, పైన చినిగినా చినగకపోయినా. ఇద్దరం కూసోని లెక్క కట్టినం. రెండేండ్లు, రోజుకు నాలుగు కిలోమీటర్లు, పండుగలు, జ్వరాలు, అత్తమ్మ ఉపాసాలు తీసేస్తే, సిరిసిల్ల నుంచి హైదరాబాద్ కు పోయి వచ్చుడు పది సార్లు. ఊరు దాటకుండ పది సార్లు హైదరాబాద్ పోయి వచ్చిన మనిషిని నేను. నొప్పి నీది కాదక్కా, బూటుది, ముందుగాల అవి మార్చు, గప్పటికి తగ్గకపోతే మంచి డాక్టర్ కు సూపెట్టు అన్నది నౌషీన్.

ఇంటికొచ్చి గా ముచ్చట చెప్పిన. మా ఆయన బూట్లను లేపి పైన సూసిండు. కొత్తగనే ఉన్నయి గద, ఒక్క కుట్టు సుత పోలే అన్నడు. తిప్పి సూడుమన్న. అరిగితే అరుగుతయి, నడుస్తున్నయా లేదా అన్నడు. గీ మనిషి గల్లీ అవతల నుంచి మగ్గం సప్పుడు విని, అండ్ల ఏ బెల్టు పట్టా అరిగిందో చెప్తడు. తెగేదాంక ఆగితే బట్ట ఖరాబైతది, ముందే మార్చుండ్రి అని మగ్గాలోళ్లను తిడుతడు. పక్కన ఉన్న నా మోకాలు రెండు నెలల సంది కిర్రుమంటుంటే మాత్రం ఆయనకు వినవడలే. కొత్తయి కొందాం అని మాత్రం అన్న. దానికి అత్తమ్మ, ఉరుకుడే వద్దని మేం అంటుంటే నువ్వు కొత్త బూట్ల దాంక పోయినవా అన్నది.

రెండు దినాలకు అత్తమ్మనే ఉపాయం తెచ్చింది. ఆమె దోస్తు కిష్టవ్వ చెప్పిందట, మోకాళ్లల్ల ఉన్నది శని అని. ఏ బూట్లతోటి పట్టుకున్నదో గా బూట్లనే శనివారం నాడు తొడుక్కోని ధర్మపురికి పోయి, గోదావరి ఒడ్డున ఇడ్సిపెట్టి, ఎనుకకు తిరిగి సూడకుండ రావాలెనట. శని బూట్లతోటి ఉండిపోతది, నొప్పి పోతది, బూట్లు లేవు గన్క ఉరుకుడు సుత పోతది. ఒక్క టికెట్ మీద మూడు పనులు. గా టికెట్ సుత లేదు, ఆడోళ్లకు బస్సు ఫిరీ. ఆధార్ కార్డు చేతిల పట్టుకోని దేవుని కాడికి పోవుడు అత్తమ్మకు గీ మధ్యల మంచిగ అలవాటైంది. నేను సరే అన్న. గంత తొందరగ సరే అన్నందుకు వాళ్లకు అనుమానం రావాలె, రాలే. నిజం చెప్తున్న, నా తాన ఏ ఉపాయం లేదు. ఎట్లైన గా బూట్లు సచ్చినయి, సచ్చినదాన్ని గోదావరి కాడ ఇడుసుడు పద్ధతే గద అనుకున్న. ఉరుకుడు లేకపోతే ఐదు గంటలకు లేసి ఏం చెయ్యాలె. ఇంకో గంట ముందు వంటింట్ల పడాలె, అంతే.

శనివారం నాడు పట్టుచీరె కింద కొడుకు బూట్లు తొడుక్కోని, అత్తమ్మ, మా ఆయన తోటి బయలెల్లిన. బస్టాండుల నన్ను సూడనోళ్లు లేరు. ధర్మపురిల దర్శనం అయినంక గోదావరి మెట్లు దిగినం. బూట్లు ఇప్పి, లేసులు కట్టి, రెండిటిని పక్క పక్కన సక్కగ పెట్టిన, అలవాటు పోదు గద. నడువు, ఎనుకకు సూడకు అన్నది అత్తమ్మ. నాలుగు మెట్లెక్కి సూసిన. స్నానం చేసి వస్తున్న ఒకాయన తళతళ మెరిసే నా బూట్ల కాడ ఆగిండు. అటు సూసిండు, ఇటు సూసిండు, తొడుక్కున్నడు. మొఖం చాటంత అయ్యింది. అన్నా, మోసపోకు, అండ్ల ఏం లేదు అని చెప్పబుద్ధైంది. చెప్పే పని పడలే. టక్కు టక్కు మని పది అడుగులు నడిసిండు, నిలవడ్డడు, కాలు లేపి అడుగు సూసిండు. మల్ల ఎనుకకొచ్చి ఎక్కడియి అక్కడ పెట్టి, తన చెప్పులు ఏసుకోని పోయిండు.

ఆయనకు పది అడుగులల్ల తెలిసింది. నాకు రెండేండ్లు. గక్కడనే నిలవడి నవ్విన, నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు సుత వచ్చినయి. ఏదైనా మంచిగ కనవడేటట్టు చేసుడు నాకు చిన్నప్పటి సంది నేర్పిండ్రు. నొస్తున్నదా అని నన్ను నేను అడుక్కునుడు ఎవ్వలు నేర్పలే.

అసలు తిప్పలు గప్పుడు మొదలైంది. ఇంటికి ఏం తొడుక్కోని పోవాలె అన్నది మా ముగ్గురిల ఒక్కలం సుత ఆలోచించలే. ఎండలు ముదిరిన దినాలు, మెట్ల మీది బండలు పెనం లెక్క ఉన్నయి. నేను గంతులేసుకుంట ఎక్కుతుంటే అత్తమ్మ సూసి, మోకాళ్లు గప్పుడే మంచిగైనట్టున్నయి అన్నది. మా ఆయన రోడ్డు పొంటి హవాయి చెప్పులు కొందాం అన్నడు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది. శనివారం నాడు ఎవలన్న చెప్పులు కొంటరా, ఇడ్సిన శనిని మల్ల పైసలు పెట్టి తెచ్చుకునుడేనా అన్నది. గట్లనే ఒట్టి కాళ్లతోటి బస్సెక్కిన, జగిత్యాలల దిగిన. సిరిసిల్ల బస్సుకు ఇంక గంట ఉన్నది. సాయంత్రమైనా తారురోడ్డు సల్లవడలే. ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకోని కొంగ లెక్క నిలవడ్డ. ఎదురుంగ బూట్ల దుకాణం. నేను ఎవ్వలను అడుగకుండ గా దిక్కు నడిసిన. ఎనుక నుంచి అత్తమ్మ, శనివారమే పిల్లా అన్నది. నేను తిరిగిన.

"అత్తమ్మా, శని గోదావరి కాడ పోయిందా, పోలేదా?"

"పోయింది."

"పోతే ఇంక ఎవలకు భయపడాలె? పోకపోతే మనం గింత దూరం ఎందుకొచ్చినట్టు?"

అత్తమ్మ ప్రసాదం సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నది. కొడుకు దిక్కు సూసింది. కొడుకు బస్సుల టైం బోర్డు దిక్కు సూసిండు.

దుకాణం ముకర్రం సాబ్ ది. గడ్డం నెరిసిన పెద్దమనిషి. ఆయన సుత నన్ను ఇడ్సి మా ఆయననే అడిగిండు, మేడంకు ఏ రంగుల సూపియ్యాలె సార్ అని. ఉరికేటందుకు కావాలె, నాకే చెప్పుండ్రి అన్న. ఏ నంబరు తల్లీ అన్నడు. నలభై ఆరేండ్లొచ్చినయి, నా కాలు నంబరు నాకు తెల్వది. పెండ్లిసూపులల్ల అత్తమ్మ నా కాళ్లు సూసి, మొగపిల్లగాని పాదాల లెక్కున్నయి అన్నది. గా మాటకు సిగ్గుపడి గప్పటి సంది ఐదు నంబరు చెప్పులే కొంటున్న, మడమ ఎనుకకు ఏలాడుతున్నా సరే. ఆఖరుకు కొడుకు తొమ్మిది నంబరుల నూలు కుక్కుకున్న. ఐదుకు తొమ్మిదికి నడుమ నేను ఏడున్ననో ఎవ్వలు కొలువలే. నేను సుత కొలుసుకోలే.

ముకర్రం సాబ్ కొలత పలక కింద పెట్టి దాని మీద నిలవడుమన్నడు. కూసోనే కాలు పెడుత అన్న. బరువు పడితెనే పాదం అసలు కొలత చెప్తది తల్లీ, నిలవడాలె అన్నడు. రెండు కాళ్లు కొలిసిండు. ఏడు. కుడిది నూలుపోగంత పెద్దది, పెద్దదానికే తీస్కోవాలె అన్నడు. సాయంత్రం వచ్చుడు మంచిదైంది, పొద్దంత తిరిగితే కాళ్లు ఉబ్బుతయి, పొద్దుగాల సరిపోయిన బూట్లు సాయంత్రం కరుస్తయి అన్నడు. నేను వింటనే ఉన్న గని మనసుల ఏడు, ఏడు అనుకుంటున్న, పరీక్షల పాసైన పిల్ల లెక్క. అత్తమ్మ నా పాదాల దిక్కు వంగి సూసి, ఏడే గద, నేను ఇంక పెద్దయి అనుకున్న అన్నది. గది ఆమె తరఫు క్షమాపణ అనుకుంట.

ఇగ ముగ్గురికి మూడు ఎంపికలు. అత్తమ్మ చీరెకు కలిసేటట్టు గులాబి రంగుయి చేతిలకు తీసుకున్నది. మా ఆయన బండలసొంటి జత తెచ్చి, పదేండ్లు నడుస్తయి సూడు ఎంత గట్టిగున్నయో అన్నడు. నేను అడుగున బొటనేలు ఒత్తిన. దిగలే. పక్కన పెట్టిన. ఒక జతల కాలివేళ్లు ముంగట తగిలినయి. ఇంకోదాంట్ల మడమ జారింది. మూడోది మరీ పరుపు, నిలవడితే కాలు ఊగుతున్నది. నాలుగోది మట్టి రంగుది. ఎవ్వలు చేతిలకు తీసుకోరు గా రంగును. తొడిగిన. ముంగట బొటనేలు వెడల్పు జాగ ఉన్నది, మడమ పట్టుకోనుంది, మడిస్తే కాలివేళ్ల కాడనే మడతపడ్డది. ఆడోళ్లు గీ రంగు తీస్కోరు తల్లీ అన్నడు ముకర్రం సాబ్. మట్టి పడితే తెలువది గద, ఉతికే పని ఉండది అన్న. ఉతకద్దు కూడా, తడిబట్టతోటి తుడిసి నీడల పెట్టాలె అన్నడు. గంజి సంగతి నేను ఆయనకు చెప్పలే.

జర నడిసి సూడు అన్నడు. నడిసేటందుకు కాదు గద అని, చీరె కుచ్చిళ్లు బొడ్ల దోపి, దుకాణం పక్క గల్లీల ఆ చివర దాంక ఉరికి వచ్చిన. ఆటోలోళ్లు బీడీలు నోట్ల పెట్టుకోని ముట్టించుడు మర్శిండ్రు. నొప్పి మాయమైందని అబద్ధం ఎందుకు చెప్పాలె, కొంచెం ఉన్నది. కని భూమి నన్ను కొట్టుడు బంద్ చేసింది. గివే ఇయ్యుండ్రి అన్న. మా ఆయన ధర విని, జరీ లేదు ఏం లేదు గింతనా అన్నడు. నా కుట్టుకూలి పర్సు రవికెల నుంచి తీసిన.

పైసలిచ్చి బయటికి వస్తుండంగనే అత్తమ్మ కేక. సిరిసిల్ల బస్సు మేం అనుకున్న జాగల లేదు, ఆ మూలకు పెట్టిండట, గప్పుడే ఎనుకకు తీసి గేటు దిక్కు తిరుగుతున్నది. గిది పోతే గీ దినానికి ఇంకోటి లేదని మైకుల చెప్పుతున్నడు. మా ఆయన నాలుగు అడుగులు ఉరికి, పొట్ట పట్టుకోని నిలవడ్డడు. అత్తమ్మ చేతిల ప్రసాదం సంచి. ఆమె బస్సును సూసింది, కొడుకును సూసింది, ఆఖరుకు నన్ను సూసింది.

"ఉరుకవే మమతా, ఉరుకు!"

ఉరికిన. బత్తాయి బండి పక్క నుంచి, ఇద్దరు పోలీసుల నడుమ నుంచి, కుచ్చిళ్లు ఒక చేత పట్టుకోని, గేటు కాడ బస్సు ముంగట పోయి నిలవడి చెయ్యి అడ్డం పెట్టిన. డ్రైవర్ బ్రేకు తొక్కి, పానం మీద ఆశ లేదా అమ్మా అన్నడు. ఇద్దరు వస్తుండ్రు, ఆగుండ్రి అన్న. ఎక్కడ అన్నడు. సూపిచ్చిన. వాళ్లు ఇంక సగం దూరంల ఉన్నరు. డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు.

బస్సుల కూసున్నంక చాన సేపు ఇద్దరి ఊపిరి సప్పుడే. అత్తమ్మ కొంగుతోటి మొఖం తుడుసుకోని, ఎనుక సీటామెతోటి, మా కోడలు రోజు ప్రాక్టీస్ చేస్తది అన్నది. వేములవాడ దాటినంక మా ఆయన నా కాళ్ల దిక్కు సూసిండు. నొప్పి ఎట్లున్నది అని రెండు నెలలల్ల మొదటిసారి అడిగిండు. తక్కువున్నది అన్న. అయితే నెలాఖరు దాంక సూద్దామా అన్నడు.

"నా మోకాలు నేను సూసుకుంట. రేపటి సంది కట్ట చివర దాంక పోత. వచ్చేసరికి ఏడైతది. చాయ మీరు పెట్టుకోండ్రి."

ఆయన కండక్టర్ ఇచ్చిన టికెట్ ను మడిసిండు, ఇప్పిండు, మల్ల మడిసిండు. యాభై రెండేండ్ల సంది గదే ఇంట్ల ఉంటున్న మనిషి, చక్కెర డబ్బ ఏడుంటది అని అడిగిండు.

నేను కిటికీ దిక్కు తిరిగిన. ఎతుక్కుంటడు తీయి.